నవ్వులో బక్రా ఎవరు?

పాతబస్తీలో బోర్డు లేని దుకాణం ఒకటుంది. ఒకప్పుడది వీడియో లైబ్రరీ. కిరాయికిచ్చే రోజులు పోయాక మిగిలిన క్యాసెట్లు, సీడీలు సెకండ్ హ్యాండ్ కింద అమ్ముకుంటున్నాడు ముసలాయన. చచ్చా అంటాం అందరం. ఏదన్నా పాత సినిమా దొరికితే దాని మీద పత్రికలో నాలుగు ముక్కలు రాసుకోవచ్చని నేను అప్పుడప్పుడు పోతుంటాను. మొన్న పోతే అట్టడుగు అరలో ఒక వీహెచ్ఎస్ క్యాసెట్ కనబడింది. అసలు లేబుల్ చింపేసి ఉంది. దాని చోట తెల్లకాయితం అంటించి, ఉర్దూలో 'కామెడీ' అని ఒక్క మాట రాశారు. పట్టుకోగానే అదేమిటో తెలిసిపోయింది. మా ఇంట్లోనూ ఇట్లాంటివి నాలుగుండేవి. మా అబ్బా కూడా లేబుళ్లు చింపేవాడు.

అంత దాచవలసింది ఏముంది అందులో? ఉమర్ షరీఫ్ 'బక్రా కిస్తోం పే'. వాయిదాల మీద మేక అని అర్థం. మా హైదరాబాద్‌లో బక్రా అంటే మోసపోయినవాడు కూడా. 1989 నాటి కరాచీ స్టేజి నాటకం అది, వీడియో కెక్కి సరిహద్దు దాటింది. దానికంటే ముందు పాకిస్తాన్ టీవీ వాళ్ల 'ఫిఫ్టీ ఫిఫ్టీ' ఉంది. 1978లో మొదలైంది. రెండు మూడు నిమిషాల చిన్న చిన్న హాస్య తునకలు. ఇస్మాయిల్ తారా, మాజిద్ జహంగీర్, జేబా షహనాజ్ అందులో నటులు. ఇవన్నీ మా గల్లీలకి గల్ఫ్ మీదుగా వచ్చేవి. జెద్దాలో డ్రైవరీ చేసే మా మామూ సెలవుకొస్తే సూట్‌కేసులో సబ్బులు, ఖర్జూరాలు, దుప్పట్ల మడతల మధ్య రెండు క్యాసెట్లు ఉండేవి.

1990 డిసెంబర్ అల్లర్లప్పుడు మేం యాకుత్‌పురాలో అద్దెకుండేవాళ్లం. నాకు పదేళ్లు. కర్ఫ్యూ. డబ్బాలో పిండి అడుగంటింది. అమ్మీ కిటికీలు మూసి, చప్పుడు బాగా తగ్గించి ఆ క్యాసెట్ పెట్టింది. నవ్వొస్తే దిండు నోట్లో కుక్కుకునేవాళ్లం. మేం నవ్వుతున్నామని బయట తెలిసినా ఫరవాలేదు, ఏ దేశపు జోకుకి నవ్వుతున్నామో తెలియకూడదు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. ఆ కవిత పెద్దయ్యాక చదివాను. చదువుతుంటే నాకు గుర్తొచ్చినవి ఆ చింపిన లేబుళ్లే.

నవ్వుకోవడానికి పాకిస్తానే దొరికిందా అని సెక్యులర్ మిత్రులు కొందరు అడిగారు, ప్రేమగానే అడిగారు. ఇక్కడ మా కోసం తెర మీద ఏముంచారో ఒకసారి చచ్చా అరలన్నీ తిరగేసి చూడండి. స్టేజి మీదా కాగితం మీదా మాకు కొరత లేదు. జిందాదిలాన్-ఎ-హైదరాబాద్ వాళ్ల హాస్య ముషాయిరాలున్నాయి. 'షుగూఫా' పత్రిక 1968లో మొదలైంది. తెర దగ్గరికొచ్చేసరికి 'గుమ్‌నామ్' ఉంది, 1965ది. అందులో మెహమూద్ హైదరాబాదీ యాసలో మాట్లాడతాడు. ఆయన వేషమేమిటి? నౌకరు. యాస వింటే చాలు దేశమంతా నవ్వింది. తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ 1974లో 'అంకుర్' తీసి అదే యాసకి కన్నీళ్లు కూడా ఉంటాయని చూపించాడు. గాని ఆ సినిమా చూసినవాళ్లెందరు? ఇక మన తెలుగు సినిమాలు. 'నమ్మల్కి, నిమ్మల్కి' అంటూ వచ్చే సాయెబు. లుంగీ, గళ్ల బనియన్, కటికె కత్తి. వాడు జోకు వేయనక్కర్లేదు, నోరు తెరిస్తే చాలు హాల్లో నవ్వులు. నేను తెలుగులో వార్తలు రాసి బతుకుతున్నవాణ్ణి. నల్లగొండ జిల్లాలో మా నానీ నాకంటే మంచి తెలుగు మాట్లాడేది. ఆ తెలుగు మాట్లాడే ముస్లిం ఏ సినిమాలోనూ నాకు తగల్లేదు.

కరాచీ క్యాసెట్లో భాష మీద ఎవరూ నవ్వరు. ఆ భాషతోనే నవ్విస్తారు. మాకు కావలసింది అదే. అట్లాగని దాన్ని నెత్తిన పెట్టుకోను. ఉమర్ షరీఫ్ 2021లో పోయాడు. పోయాక మళ్లీ చూస్తే ఆయన పెళ్లాల మీద వేసే జోకులు మింగుడు పడలేదు. 'ఫిఫ్టీ ఫిఫ్టీ' మాత్రం నిలబడింది. జియా ఉల్ హక్ సైనిక పాలనలో, ప్రభుత్వ టీవీలోనే, ప్రకటనలనీ ఆఫీసర్లనీ ఎగతాళి చేశారు వాళ్లు. మగవాళ్ల పక్కన సమానంగా నిలబడి జేబా షహనాజ్ నవ్వించింది. ఆ ఒక్క పనీ మనవాళ్లు తర్వాత కూడా చేయలేకపోయారు.

మనవాళ్లంటే 'ది అంగ్రేజ్' వాళ్లు. చచ్చా దుకాణంలో ఆ సీడీలు పన్నెండు లెక్కపెట్టాను, ఒక్కో దాని అట్ట ఒక్కో రంగు, సగం దొంగ కాపీలే. 2005 నాటి సినిమా. దర్శకుడు కుంట నిఖిల్. విదేశాల నించి దిగిన ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఒకవైపు, చార్మినార్ దగ్గర చాయ్ తాగుతూ కూర్చునే ఇస్మాయిల్ భాయ్ దండు ఇంకోవైపు. మాటా మాటా పెరిగి కక్ష పుడుతుంది. మా పాతబస్తీ వాళ్లు తమ నోట వచ్చే మాటని తెర మీద మొదటిసారి పూర్తిగా విన్నారు, ఎవరో అనుకరించింది కాదు, ఉన్నది ఉన్నట్టు. డైలాగులు కంఠతా వచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇస్మాయిల్ భాయ్‌గా వేసింది ధీర్ చరణ్ శ్రీవాస్తవ్ అని తెలిసినప్పుడు నాకు రెట్టింపు సంతోషమైంది. దక్కనీకి మతం లేదని నేను వ్యాసాల్లో మొత్తుకుంటున్నది ఆయన నాలుక మీద రుజువైంది. మస్త్ అలీ సలీం ఫేకు అయితే అబద్ధం ఆడుతున్నంత సేపూ మనిషిని నమ్మిస్తాడు.

ఇంత ఇష్టమైన సినిమాతో నా పేచీ ఏమిటి? ఉద్యోగం, కారు, విమానం అన్నీ అంగ్రేజ్‌లకే. మావాళ్లకి పనీపాటా ఉన్నట్టు కనబడదు, బడాయి తప్ప. జర్దోజీ మగ్గం ముందు నడుము వంచినవాడు, లాడ్‌బజార్ వెనక కొలిమి సెగలో లక్క గాజులు చేసే ఆడమనిషి, ఆటో నడిపి చెల్లెలి ఫీజు కట్టేవాడు ఆ గల్లీల్లోనే ఉంటారు. కెమెరాకి తగల్లేదు. కామెడీలో ఇవన్నీ చూస్తారా అంటారు. 'ఫిఫ్టీ ఫిఫ్టీ' వాళ్లు పెద్దకుర్చీల మీద నవ్వారు. మనం హోటల్ బల్ల మీద కూర్చున్న వాడి మీద నవ్వాం.

2005లో నాకు ఇదేమీ తట్టలేదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత పోలీసులు ఎత్తుకుపోయింది ఇట్లా గల్లీ మొగల్లో చాయ్ తాగుతూ కూర్చునే పిల్లల్నే. వాళ్లని హింసించారు. చాలామంది మీద కేసులు కోర్టుల్లో నిలవలేదు, నిర్దోషులుగా బయటికొచ్చారు. అందులో ఒకడితో ఇంటర్వ్యూ కోసం అదే చార్మినార్ దగ్గర కూర్చున్నాను. పక్క బల్ల మీద ఎవడో ఇస్మాయిల్ భాయ్ డైలాగు కొట్టాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. కాసేపాగి, 'అన్నా, లోపల వాళ్లు కూడా ఈ డైలాగులే చెప్పమనేవాళ్లు, చెప్పి నవ్వించమనేవాళ్లు' అన్నాడు. నేను రాసుకోవడం ఆపేశాను. ఆ మాట పత్రికలో రాయలేదు, ఇక్కడే రాస్తున్నాను.

సినిమా తప్పు అది కాదు. అంగ్రేజ్ సీడీ ఇప్పటికీ నా దగ్గరుంది. చూస్తాను, నవ్వుతాను, ఒకచోట ఆగిపోతాను.

'క్యా హోనా మియా, లేతే కీ నై?' అని చచ్చా కేక. తీసుకుంటావా లేదా అని. లేబుల్ ఎందుకు చింపారని అడిగాను. తను చింపలేదట. గిరాకీలే ఇంటికి తీసుకుపోయి, చింపి, తిరిగి తెచ్చిచ్చేవాళ్లట. ఆడించడానికి నా దగ్గర మిషన్ లేదు. అయినా యాభై రూపాయలిచ్చాను. చచ్చా తెల్లకాయితం గీకేసి, కొత్తది అంటించి, ఉర్దూలో నాటకం పేరూ ఉమర్ షరీఫ్ పేరూ వంకర్లు లేకుండా రాశాడు. మా అమ్మాయికి ఉర్దూ చదవడం రాదు, తెలుగులోనూ రాయమన్నాను. తెలుగు తనకి రాదన్నాడు చచ్చా. పెన్ను తీసుకుని కింద నేను రాశాను.