గ్రంథములకు పెండ్లిచూపులు

ఒక గ్రంథము మంచిదో చెడ్డదో తెలిసికొనుటకు దానిని చదువుటకంటె వేఱు మార్గము లేదు. ఈ మాట చెప్పనక్కఱలేనంత సులభముగా కనబడుచున్నను, నేటి పుస్తకవ్యాపారమందు దీనిని మఱపించు నాచార మొకటి బలపడియున్నది. ఇంగ్లండు, అమెరికా దేశములందు రచయితల సభలు జరుగును. వానికి ప్రచురణసంస్థల సంపాదకులును, లిటరరీ ఏజెంట్లను మధ్యవర్తులును వత్తురు. పుస్తకము వ్రాసి ముగించిన క్రొత్త రచయిత వారి యెదుట కూర్చుండి, నియమితమైన కొద్ది నిమిషములలో తన గ్రంథమును గూర్చి చెప్పి వారిని మెప్పింపవలెను. కొన్ని సభలలో పది నిమిషములు. కొన్నిటిలో మూడే నిమిషములు. గడువు ముగియగానే లేచి మఱియొక బల్లయొద్దకు పోవలెను. మన తెలుగు కుటుంబములనుండి ఆ దేశములకు పోయి, అచ్చట ఇంగ్లీషున కథలును నవలలును వ్రాయు యువతీయువకులు నేడు కలరు. కావున నిది మనకు సంబంధములేని దూరపు సంగతి కాదు. దీని గుణదోషములను విమర్శించుట యుక్తము.

ఏజెంటనగా రచయితకును ప్రచురణకర్తకును నడుమ నుండు దళారి. ఆ పేరు వినగానే మనకు ధాన్యపు దళారియు, ఇండ్ల దళారియు జ్ఞప్తికి వచ్చి కొంచెము రోత కలుగవచ్చును. కాని న్యాయముగా చూతము. 1886లో కానన్ డాయిలు తన మొదటి షెర్లాక్ హోమ్స్ నవల హక్కులన్నిటిని 25 పౌనులకు అమ్ముకొనెను. ఆ నవల తరువాత నెన్ని మారులు అచ్చుపడినను ఆయనకు మఱియొక కాసు రాలేదు. లోకజ్ఞానము లేని రచయితకును, వ్యాపారమున నారితేఱిన ప్రచురణకర్తకును బేరము కుదిరినపుడు ఫలిత మిట్లే యుండెడిది. ఈ లోపమును తీర్చుటకే లండను నగరమున ఏ. పి. వాట్ అను స్కాట్లండు దేశీయుడు 1875 ప్రాంతమున రచయితల పక్షమున బేరమాడు వృత్తిని మొదలుపెట్టి, వచ్చిన సొమ్ములో నూటికి పది వంతున పుచ్చుకొనెను. కిప్లింగును, హార్డీయు, పిమ్మట కానన్ డాయిలును ఆయన నాశ్రయించిరి. విలియం హైన్‌మన్ వంటి ప్రచురణకర్తలు ఈ మధ్యవర్తిని బాహాటముగ నిందించిరి. ఆ నిందయే అతని యుపయోగమునకు సాక్ష్యము. నేడు ఏజెంటు వంతు సాధారణముగా నూటికి పదునైదు, విదేశహక్కులకు ఇరువది. అచ్చటి పెద్ద ప్రచురణసంస్థలు చాలవఱకు ఏజెంటు ద్వారా రాని వ్రాతప్రతిని తెఱచియైన చూడవు. కావున రచయిత మొదట తట్టవలసిన తలుపు ఏజెంటుదే యైనది.

ఇక సభల మాట. వీనిలో పేరెన్నికగన్నది అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రపు కొండలలో, మిడిల్‌బరీ కళాశాల యాజమాన్యమున 1926లో ప్రారంభమైన బ్రెడ్‌లోఫ్ సభ. దాని మొదటి నిర్వాహకుడు జాన్ ఫారర్ అను సంపాదకుడు. రాబర్టు ఫ్రాస్టు కవి అనేక సంవత్సరములు దానికి అండగా నుండెను. అచ్చట ముఖ్యమైనది పాఠము: అనుభవశాలియగు రచయిత క్రొత్తవారి వ్రాతను ముందుగా చదివి, పదిమంది నడుమ చర్చించును. సంపాదకులతోడి, ఏజెంట్లతోడి కలయిక దానికి తోడు మాత్రమే. తరువాత పుట్టిన సభలు కొన్నిటిలో ఈ క్రమము తలక్రిందై, కలయికయే ప్రధానమైనది. రచయితలు అచ్చటికి పోవునది నేర్చుకొనుటకు కాదు, కనబడుటకు.

ఇట్టి సభల వలన మేలు లేదనుట అన్యాయము. ఇంటిపని ముగించుకొని, అందఱును నిద్రించిన పిదప నొంటరిగా వ్రాసికొను గృహిణికి తనవంటివారు మఱి నూర్గురున్నారని తెలియుటయే గొప్ప బలము. హక్కుల విభజన యెట్లు, ఒడంబడికలో చూడవలసిన దేమి, సంపాదకుడు వ్రాతప్రతిని చూచు దృష్టి యెట్టిది అను విషయములను వారి నోటనే వినుట మంచి చదువు. ఏజెంటును కన్నులార చూచి, ఈతనితో ననేక సంవత్సరములు పని నడపగలనా యని యోచించుకొనుట రచయితకును లాభమే. మా యాక్షేపణ కలయికపై కాదు. చదువక ముందు జరుగు పరీక్షపై.

మన పెండ్లిచూపుల రీతిని తలచుకొన్నచో నీ దోషము స్పష్టపడును. పిల్లను చాపమీద కూర్చుండబెట్టి, పాట పాడుమని, నడువుమని, నాలుగు ప్రశ్నలడిగి, ఫలాహారము ముగియులోపల నామె జీవితమును నిర్ణయించు పద్ధతిని మన సంస్కర్తలు గర్హించిరి. ఏల? ఆ కొద్దిసేపటిలో తెలియునది రూపమును, చొరవయు, ఇతరులు నేర్పిన మాటలును గాని, గుణము కాదు. మూడు నిమిషముల భేటీలోనును పరీక్షింపబడునది గ్రంథము కాదు, గ్రంథకర్త వాగ్ధాటి. గంభీరమైన నవల వ్రాసినవాడు నోరు తడబడి యోడిపోవచ్చును. పుస్తకమున పసలేనివాడు చమత్కారమైన రెండు వాక్యములతో గెలువవచ్చును. ఇంతకంటె పెద్ద కీడు మఱియొకటి కలదు. మూడు నిమిషములలో చెప్పదగిన కథకే విలువ యని తెలిసినపుడు, రచయిత క్రమముగా అట్టి కథలనే వ్రాయ నారంభించును. ఒక కుటుంబములోని మాటపట్టింపులను, ఒక స్త్రీ మనస్సులోని మెల్లని మార్పును చిత్రించు నవలకు సంక్షేపము చెప్పినచో నేమి మిగులును? అమ్మకపు టవసరము గ్రంథమును పుట్టకముందే వంచుచున్నది.

రెండవ దోషము మొగమాటము. ఉత్తరముతో వచ్చిన పుటలు నచ్చనిచో ఏజెంటు ఒక్క వాక్యముతో తిరస్కరించును. ఎదుట చేతులు నలుపుకొనుచు కూర్చున్న మనుష్యునితో కాదనుట యంత సులభము కాదు. కావున “కొన్ని పుటలు పంపుడు, చూతము” అనును. ఆ మర్యాదను వాగ్దానముగా భావించి రచయిత యింటికి పోయి, బంధువులకు చెప్పుకొని, నెలల తరబడి యెదురుచూచును. పుటలు పంపుమనుట చదువుటకు సమ్మతియే గాని స్వీకారము కాదు. ఈ భేదము తెలియక యెందఱు వృథాగా కుములుదురో!

మూడవది, ద్వారము అందఱికి సమానముగా తెఱవబడకుండుట. సభకు రుసుము, ప్రయాణము, బస. కొన్ని చోట్ల ఒక్కొక్క భేటీకి వేఱు రుసుము. ఇవి యన్నియు భరింపగలవారు కొందఱే. పసిబిడ్డ తల్లికిని, సెలవు దొరకని గుమాస్తాకును, పరభాషను తడబడుచు మాటలాడువారికిని ఆ బల్ల దూరము. బ్రెడ్‌లోఫు నందు చాలకాలము విద్యార్థివేతనము పొందిన యువరచయితలు కొందఱు భోజనశాలలో వడ్డన చేయుచుండిరి. ఆ వడ్డనకు నెన్నిక యగుట గౌరవముగానే యెంచబడెను. పేరుపొందిన రచయితలును వారిలో కలరు. ఐనను ఒకే సభలో కొందఱు కూర్చుండి తినుచు, తక్కినవారు వారికి వడ్డించుచు నుండుట, సాహిత్యమునకును సంపదకును గల సంబంధమును చక్కగా చూపుచున్నది.

రుసుము మాట వచ్చినది గనుక ఒక హెచ్చరిక. వరశుల్కము దురాచారమని మన మెఱుగుదుము. వ్రాతప్రతిని చదువుటకు సొమ్మడుగు ఏజెంటు ఆ కోవకు చెందినవాడే. అమెరికాలోని ఏజెంట్ల సంఘము తన సభ్యులు చదువుటకు రుసుము గైకొనరాదని నియమము చేసియున్నది. యోగ్యుడగు ఏజెంటు గ్రంథము అమ్ముడైన తరువాతనే తన వంతు పుచ్చుకొనును. ధనము రచయితవైపు ప్రవహింపవలెను గాని, రచయితనుండి కాదు.

గొప్ప రచయితల కథలను చూచినను, గ్రంథమే ముందు నడచినట్లు కనబడును. మిసిసిపీ రాష్ట్రమందలి జాక్సను పట్టణమున నివసించిన యూడోరా వెల్టీ 1936 నుండి చిన్న పత్రికలలో కథలు వ్రాయుచుండెను. డబుల్‌డే సంస్థ సంపాదకుడు జాన్ వుడ్‌బర్న్ క్రొత్త రచయితలకై దక్షిణ రాష్ట్రములలో తిరుగుచు ఆమె యింటికి పోయెను. అతడు చెప్పగా, న్యూయార్కున క్రొత్తగా ఏజెన్సీ స్థాపించిన డయార్మెడ్ రసెల్ 1940 మే నెలలో ఆమెకు జాబు వ్రాసెను. ఏజెంటు పరులపై బ్రదుకు ప్రాణియే యని అందు హాస్యముగా నొప్పుకొని, ఐనను మేలుచేయు ప్రాణి యని సమర్థించుకొనెను. ఆమె యాతనిని చూడకయే సమ్మతించెను. ఆ వేసవిలో నామె బ్రెడ్‌లోఫ్ సభకును పోయినది. కాని ఏజెంటు దొరకినది సభలో కాదు. రసెల్ ఆమె కథలను పత్రికలకు పంపుచు, తిరిగిరాగా మరల పంపుచు, ఆ డిసెంబరునకు గాని ‘అట్లాంటిక్’ పత్రిక నొప్పింపలేకపోయెను. నవల వ్రాసిన గాని కథలసంపుటము వేయమని ప్రచురణకర్తలు పట్టుపట్టినను తగ్గలేదు. 1941లో సంపుటము వెలువడెను. ఏజెంటు విలువ మూడు నిమిషముల తలయూపులో లేదు. ఈ నెలల ఓపికలో నున్నది.

మన దేశపు టుదాహరణము అరుంధతీ రాయ్. ఆమె తొలి నవల వ్రాతప్రతిని హార్పర్‌కాలిన్స్ భారతశాఖలో సంపాదకుడుగా నుండిన పంకజ్ మిశ్రా చదివి, లండనుకు పంపెను. అది చదివిన ఏజెంటు డేవిడ్ గాడ్విన్ 1996లో విమానమెక్కి ఢిల్లీకి వచ్చెను. మఱుసటి సంవత్సరమే ఆ నవల బుకర్ బహుమానము గెలిచెను. ఇచ్చట రచయిత్రి ఏజెంటును వెదకుకొనుచు పోలేదు. చదివినవాడే వెదకుకొనుచు వచ్చెను.

“పూర్వము మన కవులు రాజసభలలో నోటిమాటతోనే మెప్పించలేదా? అవధానులు ఆశువుగా చెప్పి గెలువలేదా?” అని కొంద ఱడుగవచ్చును. నిజమే. కాని సభలో కవి వినిపించినది పద్యమునే గాని పద్యమును గూర్చిన ప్రకటనను కాదు. అవధానమున పృచ్ఛకుని యెదుట పుట్టునది కవిత్వమే. నవల యట్లు కాదు. అది చదువుటకు పుట్టినది.

“ఏజెంట్లకు తీరిక లేదు, ఏటికి వేలకొలది జాబులు వచ్చును” అను సమాధానమును వినుచున్నాము. దానికి మా ప్రత్యుత్తరము సులభము. చదువ నలవాటుపడినవారు మూడు నిమిషములలో రెండు పుటలు చదువగలరు. ఆ మూడు నిమిషములను మాటలకు గాక మొదటి రెండు పుటలు చదువుటకే వినియోగింపరాదా? ముందుగానే పది పుటలు తెప్పించుకొని, చదివిన పిదపనే రచయితను పిలుచు సభలును కలవు, అవి యనుసరణీయములు. 2020లో కోవిడ్ మహామారి కారణమున సభలు తెరలపై జరిగినపుడు ప్రయాణపు ఖర్చు లేక ఇంటినుండియే పాల్గొను వీలు కలిగినది. ఆ మేలును పోనీయరాదు.

అట్టి సభకు పోవు మన పిల్లలకు చెప్పవలసినది కొంచెమే. గ్రంథము ముగింపక పోవలదు. ఆ ఏజెంటు ఇంతవఱకు నెట్టి పుస్తకముల నమ్మెనో ముందుగా తెలిసికొనవలెను. వ్రాతప్రతిని చేతిలో బెట్టక, అడిగిన పుటలనే, అడిగిన రీతిని పంపవలెను. నీవు మాటలాడుటయేగాక, ఆతని వంతెంత, లెక్కలెట్లు చెప్పును అని ప్రశ్నింపవలెను. తిరస్కారము నీ వాక్కునకు గాని నీ గ్రంథమునకు కాదని గుర్తుంచుకొనవలెను.

తెలుగునందు ఏజెంటు వ్యవస్థ వేరూనలేదు. వీరేశలింగముగారు తమ నవలను తమ ‘వివేకవర్ధని’యందే ప్రచురించుకొనిరి, నేడును పెక్కండ్రు రచయితలు సొంతసొమ్ముతో అచ్చువేసి, ప్రతులను మిత్రులకు పంచుచున్నారు. తెలుగు గ్రంథములు పరభాషలలోనికి పోవలెనన్న, హక్కులను కాపాడు మధ్యవర్తులును, వారిని కలిసికొను సభలును మనకును కావలసియే యున్నవి. వానిని నెలకొల్పువారు మొదటినుండియు నొక నియమము పాటింతురుగాక: బల్లయొద్ద కూర్చుండు సంపాదకుని ముందు రచయిత రాకమునుపు, అతని పుటలు రావలెను.