‘ఓపిక లేదు’ అంటే ఏమిటి? – మేధోక్షీణత గల వృద్ధులలో దౌర్బల్య నిర్ధారణ: భాషాపరమైన విమర్శ

వృద్ధాప్య వైద్యంలో దౌర్బల్యం అంటే కేవలం నీరసం కాదు. జ్వరం, జారిపడటం వంటి చిన్న దెబ్బ నుంచి కూడా తేరుకునే శక్తి శరీరానికి తగ్గిపోవడం. దీనిని గుర్తించడానికి అమెరికాలో లిండా ఫ్రైడ్ బృందం 2001లో ఐదు ప్రమాణాలను ప్రతిపాదించింది. అవి అప్రయత్నంగా బరువు తగ్గడం, అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, శారీరక శ్రమ తగ్గడం. వీటిలో కనీసం మూడు ఉంటే దౌర్బల్యంగా పరిగణిస్తారు. పట్టును పరికరంతోనూ నడకను గడియారంతోనూ కొలుస్తారు. అలసటకు మాత్రం వృద్ధుల మాటే ఆధారం.

గత వారంలో ప్రతి పనీ భారంగా తోచిందా, అలా ఎన్ని రోజులు అనిపించింది అన్నది అక్కడి ప్రశ్న. నిన్నటి భోజనం గుర్తులేని మనిషిని వారం రోజుల లెక్క అడగడం జ్ఞాపకశక్తికి పరీక్ష అవుతుందే గాని అలసటకు కాదు. పైగా ఆ అధ్యయనంలో మేధోక్షీణత ఎక్కువగా ఉన్నవారిని విశ్లేషణ నుంచి మినహాయించారు. ఎవరిని పక్కన పెట్టి కొలబద్దను తయారుచేశారో వారినే దానితో కొలవడం ఎంతవరకు సమంజసం?

ఈ ప్రశ్న తెలుగులోకి వచ్చేసరికి చిక్కు ఇంకా పెరుగుతుంది. మన ఇళ్ళలో దీనికి సహజంగా వచ్చే మాట ‘ఓపిక’. ‘ఒంట్లో ఓపిక లేదు’ అంటే సత్తువ లేదని, ‘కాస్త ఓపిక పట్టు’ అంటే సహనం వహించమని అర్థం. కోడలు ‘మామయ్యగారికి ఓపిక ఉండటం లేదండీ’ అన్నప్పుడు ఆమె చెబుతున్నది ఆయన శరీరం గురించా, చిరాకు గురించా? డిమెన్షియాలో చిరాకు, నిరాసక్తత కూడా తరచుగా కనిపించే లక్షణాలే కనుక ఈ అర్థభేదం కేవలం నిఘంటువుకు సంబంధించినది కాదు. నిరాసక్తత అలసటగా నమోదయ్యే ప్రమాదం ఉంది.

కెనడాలో కెన్నెత్ రాక్‌వుడ్ బృందం 2005లో రూపొందించిన కొలమానం వైద్యుని అంచనాపై ఆధారపడుతుంది. వారం లెక్కల బెడద అందులో లేదు. అయితే దౌర్బల్యపు స్థాయి సాధారణంగా డిమెన్షియా స్థాయికి అనుగుణంగా ఉంటుందని దాని తరువాతి రూపాలు సూచిస్తాయి. మనుమల పేర్లు మరచిపోయినా ఊరంతా చకచకా తిరిగి వచ్చే పెద్దాయన దేహబలం ఆ అంకెలో కనిపించదు. మతిని, ఒంటిని విడివిడిగా నమోదు చేయడమే మేలని నా అభిప్రాయం.

అందుకే ‘ఓపిక ఉందా?’ అని అడిగి ఊరుకోకుండా, చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేవమని అడగాలి. లేవకపోతే, బలం చాలకనా, చెప్పినది అర్థం కాకనా అన్నది తేల్చుకోవడానికి పరీక్షించేవారు తాము లేచి చూపించి మరొకసారి అడగాలి.