తూకం ఎవరు వేశారు? సాఫ్ట్‌వేర్ నమూనాల్లో కర్తృపదం: ఒక విమర్శ

కీలకపదాలు: యూఎంఎల్, నమూనా, కర్త, మార్కెట్ యార్డు, చేనేత సహకార సంఘం.

సాఫ్ట్‌వేర్‌ను నిర్మించడానికి ముందు దాని స్వరూపాన్ని బొమ్మల్లో చూపే చిత్రభాష యూనిఫైడ్ మోడలింగ్ లాంగ్వేజ్. గ్రేడీ బూచ్, జేమ్స్ రంబా, ఇవార్ జాకబ్‌సన్‌లు రూపకల్పన చేసిన ఈ యూఎంఎల్‌ను ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ 1997లో ప్రమాణంగా స్వీకరించింది. తెలుగు శాఖలు దీనిని ఇంజనీరింగ్ కళాశాలల వ్యవహారంగా భావించి పక్కన పెట్టాయి. అయితే నమూనాలో ఏ పెట్టెకు ఏ పేరు పెట్టాలి, ఏ పనికి ఎవరిని కర్తగా నిలపాలి అనేవి మొదట భాషాప్రశ్నలు. పశ్చిమ కర్నూలులోని రెండు వృత్తిరంగాల ఆధారంగా వాటిని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

వివరణలోని నామవాచకాల నుండి వస్తురకాలను, క్రియల నుండి చర్యలను ఏరే పద్ధతిని రస్సెల్ అబాట్ 1983లో ప్రతిపాదించాడు. ఆయన ఆధారం ఆంగ్ల వాక్యం. ఆ పద్ధతిని ఆదోని పత్తి యార్డుకు అన్వయించి చూద్దాం. రైతు సరుకు తెస్తాడు, వ్యాపారులు చూసి ధర వేస్తారు, హమాలీలు మోస్తారు, తూకం, ఆపైన చెల్లింపు. దీనినే వాడుకలో “ధర పలికింది, తూకం అయింది, తరుగు పోయింది” అంటాం. మూడు వాక్యాల్లోనూ మనిషి లేడు. వ్యాకరణరీత్యా వాటిలో దోషమూ లేదు. “రైతుకు ధర నచ్చలేదు” అన్నప్పుడు రైతు షష్ఠీవిభక్తిలో ఉంటాడు, కర్తృస్థానం ధరది. ఈ వాక్యాల నుండి నామవాచకాలను ఏరితే ధర, తూకం, తరుగు అనే పెట్టెలు వస్తాయి గాని, తరుగు తీసినవాడు రాడు.

ఇక్కడే యూఎంఎల్ బలం కనిపిస్తుంది. దాని వరుసచిత్రంలో ప్రతి సందేశం ఒకరి గీత నుండి మరొకరి గీతకు పోవాలి. పంపినవారు తెలియకపోతే బాణం మొదట ఒక నల్లచుక్క పెడతారు. తెలుగు వాక్యం సహజంగా దాటిపోయిన ఖాళీని ఆ చుక్క ఎత్తి చూపుతుంది. తరుగును సరుకు పెట్టెలో ఒక అంకెగా మాత్రమే నమోదు చేస్తే రైతుకు మిగిలేది తగ్గిన బరువు. ఎవరు, ఎంత, ఏ కారణంతో తీశారో నమోదయ్యే చర్యగా దానిని గీస్తే, రైతు చీటీ చూపి అడగగలడు. రెండూ ఆ భాషలో చెల్లుబాటయ్యే బొమ్మలే. ఏది గీయాలో ఆ భాష చెప్పదు.

ఎమ్మిగనూరులో సమస్య వేరు. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం వంటి సంస్థలో నేతకారుడు సభ్యుడు, అంటే యజమానుల్లో ఒకడు. సంఘం నూలుతో నేసి మజూరీ తీసుకునేవాడూ అతడే. సభ్యుడికొక పెట్టె, కార్మికుడికొక పెట్టె గీస్తే ఒకే మనిషి ఇద్దరవుతాడు. మనిషికి ఒకే పెట్టె ఉంచి, సంబంధరేఖ కొనన పాత్రపేరు రాసే వీలు యూఎంఎల్‌లో ఉంది. అది మెచ్చదగిన ఏర్పాటు. కాని ఇంట్లో కండెలు చుట్టే స్త్రీకి సభ్యత్వం గాని మజూరీ ఖాతా గాని లేకపోతే ఆమెను కలిపే రేఖ ఏది? ఖాతాపుస్తకం చూసి గీసిన నమూనా ఖాతాపుస్తకపు మౌనాన్నే నకలు చేస్తుంది.

నమూనాలను ఒకే బొమ్మలో కుక్కకుండా వేర్వేరు దృక్కోణాలుగా అమర్చి, సన్నివేశాలతో వాటిని ముడివేయాలని ఫిలిప్ క్రూష్టెన్ 1995లో సూచించాడు. ఆ సన్నివేశాలను ఆఫీసు ఆంగ్లంలో కాక యార్డు మాటల్లో, మగ్గం మాటల్లో ముందుగా రాయించాలని నా అభిప్రాయం. ఆపైన ప్రతి వాక్యంలో లోపించిన కర్తను అడిగి పూరించాలి. బాలవ్యాకరణం సంజ్ఞాపరిచ్ఛేదంతో మొదలవుతుందని విద్యార్థులకు ఏటా చెబుతూనే ఉంటాం. పేరు పెట్టే పనిని మాత్రం ప్రోగ్రామర్‌కు వదిలేశాం. యూఎంఎల్ పదాలకు తెలుగు సమానార్థకాల పట్టిక తయారుచేయడం కంటే, “అయింది”, “పోయింది” వంటి క్రియల వెనుక ఉన్న కర్తలను యార్డుల వారీగా సేకరించడం నేడు ఎక్కువ అవసరమైన పరిశోధన.