ముంచింగిపుట్టు పెరటి పాదులు
ఒడిశా సరిహద్దులోని ముంచింగిపుట్టు గిరిజన గూడేల్లో తొలకరికే పెరట్లో చిక్కుడు, గుమ్మడి, ఆనప గింజలు పెడతారు. ముందు వెదురు దడి కట్టాలి. లేకుంటే కోళ్లు మొలకలను గీరేస్తాయి, మేకలు మిగిలింది మేసేస్తాయి. ముసురు వదలకపోతే పూత రాలి, పిందె కుళ్లుతుంది. అయినా కప్పెక్కిన గుమ్మడి తీగకు కాయ కనబడితే ఇల్లంతటికీ సంబరమే. చలికాలంలో చిక్కుడుకు పేనుబంక పడుతుంది. దానికి పొయ్యి బూడిదే మందు. ఆకు మీద మంచు తడి ఆరకముందే చల్లితే అంటుకుంటుంది. అన్నిటికన్నా మెచ్చదగినది విత్తనం దాచే నేర్పు. బలమైన తీగకు కాసిన మంచి కాయను కోయకుండా ముదరనిచ్చి, ఎండబెట్టి, పొయ్యి పైన పొగ తగిలేచోట వేలాడదీస్తారు. పొగచూరిన గింజకు పురుగు సులువుగా పట్టదు. కూరకు పోగా మిగిలిన కాయలు సంతకు వెళతాయి.