మజిలీ: కాశీయాత్ర చరిత్రలోని రచనాధర్మము

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రకు తెలుగు వచన చరిత్రలో ఒక చోటు దొరకినది. కాని అది మర్యాదకు ఇచ్చిన చోటే గాని మనసార ఇచ్చినది కాదు. చరిత్రకారులు ఆ గ్రంథమును కుంఫిణీ కాలపు దేశస్థితికి ఆధారముగా వాడుకొనిరి. భాషావేత్తలు అందు వ్యావహారిక వచనపు తొలి జాడలను వెదకిరి. యాత్రికులు క్షేత్రముల వివరముల కొరకు పుటలు త్రిప్పిరి. దానిని సాహిత్యముగా చదివినవారు తక్కువ. 'ఇది సమాచారము, రసము కాదు' అను మాట వినబడుచునే యున్నది. ఆ మాట ఎంతవరకు నిలుచునో పరిశీలించుట అవసరము. తెలుగున యాత్రారచనకు ఆదర్శము ఏది యను ప్రశ్న దానితో ముడివడి యున్నది.

వీరాస్వామయ్య మద్రాసు సుప్రీముకోర్టులో ప్రధాన దుబాసీ. 1830వ సంవత్సరము మే 18వ తేదీన, నడివేసవిలో, ఇంచుమించు నూరుగురు పరివారముతో మద్రాసు విడిచెను. 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరెను. పదునైదు నెలలకు పైబడిన ఈ ప్రయాణములో తిరుపతి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబ్బల్‌పురము, ప్రయాగ, కాశి, గయ, కలకత్తా, పూరీ ఆయన దర్శించిన ముఖ్యస్థలములు. దారి పొడుగున తాను చూచినదెల్ల మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు తెలుపుచు వచ్చెను. వీరాస్వామయ్య 1836లో గతించెను. రెండేండ్లకు, 1838లో, పిళ్ళయే ఆ రచనను ముద్రింపించెను. 1869లో రెండవ కూర్పు వెలువడెను. 1941లో దిగవల్లి వేంకట శివరావు విపులమైన వివరణలతో మరల ప్రకటించి, నేటి చదువరులకు దానిని అందుబాటులోనికి తెచ్చెను.

రైలు ఈ దేశమున అడుగు పెట్టినది 1853లో. అనగా వీరాస్వామయ్య యాత్ర సాంతము బాట మీది యాత్ర. మేనా, బోయీలు, డేరాలు, వంటసామగ్రి, కావలివారు: ఒక చిన్న ఊరే కదలిపోవుచున్నట్లు ఉండెడిది. ఆ ఊరు ప్రతిదినము లేచి, నడచి, మరల దిగవలెను. ఎక్కడ దిగవలెను? నీరు ఉన్నదా? నీడ ఉన్నదా? నూరుగురికి బియ్యము దొరకునా? ముందున్న వాగు దాటదగినదా? ఈ ప్రశ్నలు ప్రతి సాయంకాలము క్రొత్తగా పుట్టును. ప్రతి ఉదయము వాటి జవాబు పాతదగును. కాశీయాత్ర చరిత్రలోని వాక్యము ఈ ప్రశ్నల నుండి పుట్టినది. ఊరి పేరు, అంగళ్ళు, బావి, చెరువు, బాట తీరు, దిగుటకు తగిన తావు అను క్రమము మరల మరల వచ్చుచుండును. విసుగు చెందిన చదువరి దీనిని పునరుక్తి దోషమనును. అది దోషము కాదు. మద్దెల దరువు వలె అది గ్రంథమునకు నడక నిచ్చినది. నడచుట, దిగుట, మరల నడచుట అను లయ వాక్యములోనికి దిగినది.

ఈ లయ అంతటను ఒకే తీరున సాగదు. కొండ ఎదురైనపుడు మారును. నల్లమలలో, ఆత్మకూరు వైపు నుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలమునకు పోవు దారి ఇందుకు చక్కని నిదర్శనము. మైదానమున ఊరు వెంట ఊరు చెప్పుకొనిపోవు రచయితకు అడవిలో ఊళ్ళు లేవు. చెప్పవలసినవి మెట్లు, లోయలు, నీటితావులు మాత్రమే. అచట ఒక్కొక్క నీటితావు ఒక్కొక్క ఊరంత బరువు గలదగును. ప్రబంధకవి పర్వతమును వర్ణించునపుడు శిఖరము మీద దృష్టి నిలుపును. మేఘములు, కిన్నరులు, ఓషధులు వచ్చి చేరును. వీరాస్వామయ్య దృష్టి పాదము మోపు రాతి మీద నిలిచినది. ఆ రెండు దృష్టులలో ఏది కావ్యమునకు దగ్గర యని అడుగుట సులభము. ఏది కొండకు దగ్గర యని అడిగినపుడే ఈ గ్రంథపు విలువ తెలియును.

ఆయన పలుకుబడి కూడ బాట మీద దొరకినదే. మజిలీ, ముసాఫరు, బస్తీ, సవారీ మొదలగు హిందుస్తానీ మాటలు, కచ్చేరి మాటలు, చెన్నపట్టణపు వాడుక మాటలు ఆయన వచనములో జంకు లేక కలసిపోయినవి. చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడినది 1853లో. ఆ పిమ్మట తెలుగు వచనమునకు వ్యాకరణశుద్ధి కొలతబద్ద యైనది. ఆ కొలతకు వీరాస్వామయ్య వచనము లొంగదు. ఒక రాజ్యము దాటి మరియొక రాజ్యమున అడుగు పెట్టుచు, ప్రతి చోట అచటి మాటతో బేరమాడి, దారి అడిగి, తావు సంపాదించుకొనువాని భాష అట్లుండుటే న్యాయము.

ఈ సందర్భమున మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలను తలచక తప్పదు. పండ్రెండు భాగముల ఆ కథాసముద్రములో మణిసిద్ధుడను యతి కాశికి పోవుచుండును. తోడు వచ్చు గోపబాలకుడు ప్రతి మజిలీలో తనకు కనబడిన వింతను గూర్చి అడుగును. జవాబుగా ఒక కథ పుట్టును. మజిలీని కథనమునకు ప్రమాణముగా గ్రహించుటలో వీరాస్వామయ్యకు, దీక్షితులకు సామ్యము కలదు. భేదము మరింత గమనింపదగినది. దీక్షితుల మజిలీలో ప్రశ్న నేల మీద పుట్టినను, జవాబు రాజకుమారులు, గంధర్వులు, మాయలు గల దేశమునకు ఎగిరిపోవును. మరునాటి బాట ఎట్లున్నదో చదువరికి తెలియదు, తెలియవలసిన పనియు లేదు. వీరాస్వామయ్య మజిలీలో ప్రశ్నయు నేల మీదిదే, జవాబును నేల మీదిదే. ఒకరికి మజిలీ ద్వారబంధము. వేరొకరికి అదియే ఇల్లు.

తరువాత రైలు వచ్చినది. యాత్రికుడు ఎక్కు చోటును, దిగు చోటును ఎరుగును గాని నడుమ దేశమును కిటికీలో నుండి చూచును. తెలుగు యాత్రారచన ఈ మార్పును లోగొన్నది. గమ్యమునకు ప్రాధాన్యము పెరిగి, బాట రెండు వాక్యములకు కుదించుకొనిపోయినది. ఇందుకు ఎదురు నడచినవారు లేకపోలేదు. ఆచార్య మాచవరపు ఆదినారాయణ భ్రమణకాంక్ష కాలినడక యాత్రల గ్రంథము. అందు బాటకు పూర్వపు గౌరవము తిరిగి లభించినది. అయినను అది ఒంటరి నడక. కుటుంబములు, వంటపాత్రలు, పరుపులు, పిల్లలు అందరును కదలి పోవు సమూహయాత్రకు ఆదర్శము కావలెనన్న మరల వీరాస్వామయ్య కడకే పోవలెను.

ఇది పాత గ్రంథముల ముచ్చట మాత్రమే కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తెలుగువారిని మధ్యభారతపు పట్టణములకు చేర్చినది. బిలాసపురము అట్టి రైలు పట్టణము. 2003 నుండి అది ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానము. తెలుగు కుటుంబములు అచట తరతరములుగా పాతుకొన్నవి. రైలు వలన వచ్చినవారి సంతతి నేడు వేసవిలో కొండ చూడవలెనన్న రైలు నమ్ముకొనవలసిన పని లేదు. బిలాసపురములోగాని, ఆ జిల్లాలోని బెల్తరా వంటి ఊరిలోగాని వ్యాను కట్టుకొని, డేరాయు పొయ్యియు లోన వేసికొని, మైకల కొండలకు బయలుదేరవచ్చును. కోటా దాటిన పిమ్మట అచానక్‌మార్ అడవి వచ్చును. 1975లో అభయారణ్యముగాను, 2009లో పులుల సంరక్షణ కేంద్రముగాను ప్రకటింపబడిన ఆ సాలవృక్షముల అడవిలో ఇష్టము వచ్చిన చోట దిగుటకు వీలులేదు. కనుక దిగు తావును ముందుగా ఆలోచించుట నేటికిని తప్పలేదు. ఆ పైన, సుమారు 1000 మీటర్ల ఎత్తున, అమరకంటకము.

అమరకంటకము నర్మదకు పుట్టినిల్లు. శోణకు జన్మస్థానముగా భావింపబడు సోన్‌ముడాయు అచటనే కలదు. నర్మద పడమటికి మరలి జబ్బల్‌పురము ప్రక్కగా పోవును. నాగపురము నుండి జబ్బల్‌పురము చేరుటకు వీరాస్వామయ్య దాటిన నది ఆ నర్మదయే. శోణ ఉత్తరముగా సాగి పాటనాకు ఎగువన గంగలో కలియును. బిలాసపురపు తెలుగు కుటుంబము కొండ మీద ఊటగా చూచు నీటిని, ఆ పూర్వ యాత్రికుడు దిగువన మహానదిగా చూచెను. ఈ కలయికను యాదృచ్ఛికమని త్రోసివేయవచ్చును. కాని వ్యాను ప్రయాణమును తెలుగులో వ్రాయబూనువారికి ఇది ఒక సూచన. శిఖరమును, సూర్యోదయమును వర్ణించు వాక్యములు ఎక్కడనైనను దొరకును. ఏ మలుపున ఇంజను వేడెక్కినది, ఏ ఊరి చేతిపంపు నీరు త్రాగదగినది, రాత్రి బండి నిలుపుకొనుటకు ఎవరు అనుమతి నిచ్చిరి, ఆ అనుమతిని ఏ భాషలో అడిగిరి అను వాక్యములు ఆ యాత్రికులు వ్రాసిననే ఉండును. మద్రాసు తెలుగువాడు హిందుస్తానీని తన వచనములోనికి రానిచ్చినట్లు, బిలాసపురపు తెలుగువారు ఛత్తీస్‌గఢీ మాటను తమ వచనములోనికి రానిచ్చినచో భాషకు నష్టము లేదు, లాభమే కలదు.

వీరాస్వామయ్యను ఆదర్శముగా నిలుపునపుడు ఆయన కొరతను దాచుట తగదు. నూరుగురు నడచిరి. కథ చెప్పినది మేనాలోని ఒక్కడు. బోయీల భుజముల మీదుగా దేశము కనబడినది. ఆ భుజముల నొప్పి గ్రంథమున ప్రధానవిషయము కాలేదు. వారు యాత్రకు సాధనములుగానే వచ్చి పోవుదురు. బావి నీటిని అంత శ్రద్ధతో గమనించిన కన్ను, ఆ నీటిని మోసినవాని ముఖమును అదే శ్రద్ధతో గమనింపలేదు. ఇది కాలదోషమని సమాధానము చెప్పవచ్చును. సమాధానము సరియే కావచ్చును, కొరత కొరతయే. నేటి వ్యానులో బోయీలు లేరు గాని చోదకుడు కలడు. దారిలో టీ కాచి యిచ్చువాడు కలడు. అడవి గేటు కడ కావలివాడు కలడు. వారి మాట వినబడినపుడు నూతన యాత్రారచన వీరాస్వామయ్యకు అనుకరణ కాక, ఆయన విడిచిన చోటును పూరించునది కాగలదు.

సమాచారము రసము కాదను ఆక్షేపణకు జవాబు ఇపుడు స్పష్టము. సమాచారము తనంతట తాను రసము కాదు, నిజమే. కాని కాశీయాత్ర చరిత్రలో అది ఒక మనుష్యుని అవసరము నుండి పుట్టి, వెనుక రాబోవు మనుష్యుని మేలును కోరి వ్రాయబడినది. ఇచట నీరు కలదని ఒకడు వ్రాయును. ఎండలో నడచి వచ్చు ఎవడో ఎరుగని బాటసారి దానిని చదివి ఆ బావి వైపు తిరుగును. ఆ ఇరువురి నడుమ ఏర్పడు బంధమును సాహిత్యమనక మరేమనవలెను? వర్ణనకై పదములు పేర్చుట కంటె, దిగిన చోటును దాచక చెప్పుట కష్టము. తెలుగు వచనము 1838 నాటికే ఆ కష్టమును తీర్చినది. ఆ బాట నేటికిని తెరచియే యున్నది.