పిట్టలు చూసే పని

ప్రకృతిలో కాసేపు గడిపితే మనసు కుదుటపడుతుందని చెప్పే పద్ధతుల్లో చాలావరకు మనసు మీదే దృష్టి పెట్టమంటాయి. పక్షి వీక్షణ దానికి పూర్తిగా భిన్నం. దృష్టి మొత్తం బయటికే పోతుంది. ప్రశాంతత కోసమే కూర్చున్నవాడు అది వచ్చిందా లేదా అని మాటిమాటికీ తడుముకుంటాడు. గుడ్డికొంగ ఎప్పుడు ముక్కు విసురుతుందా అని చూసేవాడికి ఆ తీరిక ఉండదు.

సూర్యోదయం తర్వాతి రెండు గంటలు ఈ పనికి మేలైన వేళ. చెరువు గట్టు, మామిడితోట, ఊరి బయటి బీడు, ఏదైనా సరే. మనిషి అడుగుపెట్టగానే తీతువు అరిచి గోల చేస్తుంది, దగ్గర్లో ఉన్నవి ఎగిరిపోతాయి, మిగిలినవి నోరు మూసుకుంటాయి. కొత్తగా వచ్చినవారు ఈ దశలోనే ఇక్కడ ఏమీ లేవనుకుని లేచిపోతారు. పావుగంటో ఇరవై నిమిషాలో కదలకుండా కూర్చుంటే పిట్టలు తమ పనుల్లోకి తిరిగి వస్తాయి. ముందు కూతలు వినిపిస్తాయి, తర్వాత ఆకుల్లో కదలిక తెలుస్తుంది, చివరికి రూపం కంటపడుతుంది. గుడ్డికొంగ మొదటినుంచీ నీటి ఒడ్డునే నిలబడి ఉండొచ్చు. దాని గోధుమరంగు వీపు బురదలో కలిసిపోతుంది. తెల్లటి రెక్కలు విప్పి లేచినప్పుడే అది ఇంతసేపూ ఎదురుగానే ఉందని అర్థమవుతుంది.

ఇందులో చెవికి పని ఎక్కువ. ఉడుత ఆపకుండా టకటకలాడుతుంటే, గోరింకలు గొంతు మార్చి అరుస్తుంటే దగ్గర్లో జాలెడేగ గానీ పిల్లి గానీ పాము గానీ ఉందని అనుభవం ఉన్నవారు గ్రహిస్తారు. ఇవన్నీ నేర్చుకోవడానికి అరుదైన పక్షులు అక్కర్లేదు. పశువుల వెంట తిరుగుతూ గడ్డిలోంచి లేచే పురుగుల్ని పట్టే ఏట్రింత, కాలువ గట్టున లకుముకి, మందారం దగ్గర తేనెపిట్ట చాలు. కోయిలల్లో నల్లనిది మగది, గోధుమరంగు మీద తెల్లచుక్కలున్నది ఆడది. వేసవిలో ఊరంతా వినిపించే ఆ పాట మగదానిదే. ఇది తెలియకుండానే జీవితమంతా కోయిలను మెచ్చుకునేవారు చాలామంది.

మనసు తేలికపడటానికి కారణాన్ని అమెరికన్ మనస్తత్వవేత్తలు రేచల్, స్టీఫెన్ కప్లాన్ 1989లో వెలువరించిన పుస్తకంలో వివరించారు. పట్టుబట్టి నిలిపే ఏకాగ్రత అలసిపోతుంది. ఆకుల కదలిక, నీటి మెరుపు వంటివి ప్రయాస లేకుండా చూపును పట్టి ఉంచి ఆ ఏకాగ్రతకు విశ్రాంతినిస్తాయని వారి వాదన. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 1,292 మంది ఫోన్ యాప్‌లో రోజూ నమోదు చేసిన సమాధానాలను పరిశీలించి, పక్షుల్ని చూసిన, విన్న వేళల్లో వారి మానసిక స్థితి మెరుగ్గా ఉందని, ఆ ప్రభావం ఎనిమిది గంటల దాకా కనిపించిందని 2022లో ప్రకటించారు. డిప్రెషన్ ఉన్నవారిలోనూ ఇదే ఫలితం. అంతమాత్రాన దీన్ని వైద్యమనుకోకూడదు.

తెలుగు నేల మీద ఇలా కూర్చోవడానికి నేలపట్టు మంచి చోటు. తిరుపతి జిల్లాలోని ఈ చెరువు నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు చలికాలంలో గూళ్లు కడతాయి. పిల్లలు తల్లి ముక్కు సంచిలోకి తల దూర్చి చేపల్ని లాగేసుకుంటాయి. గుంటూరు పక్కనే ఉన్న ఉప్పలపాడులో ఇదంతా ఊరి చెరువులోనే జరుగుతుంది.

చూసిన పక్షుల్ని రాసిపెట్టుకోవడం మంచి అలవాటే. ఏటా ఫిబ్రవరిలో జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో కనీసం 15 నిమిషాలు ఒకచోట గమనించి జాబితా పంపవచ్చు. 2013 నుంచి భారతీయులూ పాల్గొంటున్నారు. జాబితా పెంచుకోవడమే పందెమైతే మాత్రం ఆఫీసు టార్గెట్ల ఆందోళన చెరువు గట్టుకూ వస్తుంది. ఫొటో కోసం ఫోన్‌లో కూత వినిపించి పక్షిని రప్పించడం మరీ చెడ్డది. ఎవడో చొరబడ్డాడనుకుని మగపిట్ట తన పని మానేసి వెతుక్కుంటూ వస్తుంది.

దసరానాడు పాలపిట్టను చూడటం శుభమనే నమ్మకంతో జనం ఊరి పొలిమేరకు నడిచేవారు. కొన్ని నగరాల్లో ఇప్పుడు దాన్నే పంజరంలో పెట్టి తెచ్చి చూపించి డబ్బులు వసూలు చేస్తున్నారు. అడవి పక్షుల్ని అలా పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నిజానికి పాలపిట్టను వెతకడం పెద్ద కష్టం కాదు. పొలాల పక్క కరెంటు తీగ మీద కూర్చుని, కింద పురుగు కనబడగానే నీలిరెక్కలు విప్పి దిగుతుంది.