టెంక దగ్గరి ఎరుపు

బాగా మగ్గిన తెల్ల పీచ్ పండును రెండుగా విడదీస్తే కండంతా మీగడ రంగులో కనిపిస్తుంది. టెంకను అంటుకున్న చోట మాత్రం ఎర్రటి నరాలు పాకి ఉంటాయి. పండు మొత్తం మీద ఆ ఎరుపు పిసరంతే. కండను సన్న జల్లెడ మీద వేసి వేళ్లతో నలిపితే ఆ పిసరే గుజ్జంతటా పరుచుకుని, లేత గులాబి ఛాయగా మారుతుంది. బెల్లినీ అనే పానీయం అందం మొదలయ్యేది ఇక్కడే. ఆ రంగు పండులోనే దాగి ఉంది, చెయ్యి తగిలి బయటపడింది.

బెల్లినీలో ఉండేవి రెండే: తెల్ల పీచ్ గుజ్జు, ప్రొసెక్కో అనే ఇటాలియన్ బుడగల వైన్. పుట్టిల్లు వెనిస్. సెయింట్ మార్క్ చౌకుకు దగ్గర్లో, నీటి ఒడ్డున ఉన్న హ్యారీస్ బార్. 1931లో దాన్ని తెరిచిన జుసెప్పె చిప్రియాని అంతకుముందు ఒక హోటల్ బార్‌లో పనిచేసేవాడు. అక్కడ హ్యారీ పికరింగ్ అనే అమెరికన్ కుర్రవాడు చేతిలో డబ్బాడక అవస్థ పడుతుంటే 10,000 లీరాలు అప్పిచ్చాడు. ఆ కుర్రవాడు కొన్నాళ్లకు తిరిగొచ్చి, అసలుకు మరింత కలిపి 50,000 చేతిలో పెట్టి బార్ పెట్టుకోమన్నాడని కథ. బార్‌కు అతని పేరే నిలిచింది. తెల్ల పీచ్ ముక్కల్ని వైన్‌లో నానవేసుకుని తినడం ఇటలీలో పాత అలవాటే. చిప్రియాని ఆ వేసవి రుచిని గ్లాసులోకి ఒంపాడు. 1948లో అని ఆ బార్ వాళ్లు చెబుతారు.

దానికి జొవాన్ని బెల్లినీ అనే చిత్రకారుడి పేరు పెట్టడంలో ఉంది అసలు రసికత. ఈ గులాబి రంగు చూడగానే చిప్రియానికి బెల్లినీ చిత్రంలోని ఒక సాధువు అంగవస్త్రం గుర్తొచ్చిందంటారు. 1949లో వెనిస్ డోజ్ ప్యాలెస్‌లో బెల్లినీ చిత్రాల పెద్ద ప్రదర్శన జరిగింది కాబట్టి ఆ రోజుల్లో ఊళ్లో ఆ పేరు గట్టిగానే వినిపించి ఉంటుంది. కానీ పోలిక ఒక్క రంగుతో ఆగిపోదని నాకు అనిపిస్తుంది. అదే వెనిస్‌లో సాన్ జక్కరియా చర్చిలో 1505 నాటి బెల్లినీ చిత్రం ఇప్పటికీ ఉంది. మధ్యలో ఎత్తైన పీఠం మీద బిడ్డతో మేరీమాత, ఆమె పాదాల దగ్గర తంత్రీవాద్యం వాయిస్తున్న దేవదూత, అటూ ఇటూ తమ ఆలోచనల్లో తాము మునిగిన నలుగురు సాధువులు. నూనె రంగుల్ని పల్చటి పొరలుగా, ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోయాడు. పై పొరలోంచి దూరిన వెలుగు కింది పొర దాకా వెళ్లి మళ్లీ మన కంటికి చేరుతుంది. అందుకే ఆ చెక్కిళ్లు, ఆ వస్త్రాలు లోపలి నుంచి వెలుగుతున్నట్టు ఉంటాయి. గ్లాసులో జరిగేదీ అదే. గుజ్జు చిక్కగా ఉంటే కాంతి ఆగిపోతుంది, మరీ పల్చనైతే రంగే ఉండదు. పలుచగా పరుచుకున్న గుజ్జు మధ్య నుంచి బుడగలు పైకి లేస్తుంటే ఆ గులాబి వెలుగు కదులుతుంది.

ఇంట్లో చేసుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు గానీ ఓపిక కావాలి. పండు ముక్కు దగ్గర పెట్టుకోకముందే వాసన రావాలి. రాలేదంటే ఇంకా మగ్గలేదు. మిక్సీ జోలికి పోవద్దని హ్యారీస్ బార్ వాళ్లే గట్టిగా చెబుతారు. బ్లేడు పండులోకి గాలిని కొడుతుంది. గాలి తగిలిన పీచ్ కండ త్వరగా గోధుమ రంగుకు తిరుగుతుంది, పైగా గుజ్జంతా పొంగుతుంది. చేత్తో జల్లెడ మీద నలిపితే తొక్క, పీచు పైన మిగిలి, మెత్తటి గుజ్జు కిందికి దిగుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం రంగు చెడకుండా కాపాడుతుంది, తెల్ల పీచ్‌లో సహజంగానే తక్కువగా ఉండే పులుపును కాస్త నిలబెడుతుంది. ఆ తర్వాత గుజ్జు, వైన్, గ్లాసు మూడూ బాగా చల్లబడాలి. చల్లదనంలోనే వాయువు ద్రవంలో కుదురుగా ఉంటుంది.

ఒంపడం దగ్గర తొందర పనికిరాదు. గుజ్జులోని ప్రతి నలుసూ బుడగ పుట్టడానికి ఒక గూడు. గబుక్కున వైన్ పోశామా, నురగ అంచు దాటి బల్ల మీదికి వస్తుంది. గుజ్జు మీద కొద్దిగా వైన్ పోసి ఆగాలి. గులాబి నురగ లేస్తుంది, చిటపటమంటూ కుంగుతుంది. మళ్లీ కాస్త పోయాలి. చివర్లో పొడుగు చెంచాతో అడుగు నుంచి ఒక్కసారి పైకి లేపి వదిలేయాలి. గిరగిరా తిప్పితే బుడగలన్నీ అక్కడే ఎగిరిపోతాయి. సాధారణంగా చెప్పే లెక్క 50 మిల్లీలీటర్ల గుజ్జుకు 100 మిల్లీలీటర్ల ప్రొసెక్కో. హ్యారీస్ బార్‌లో ఒక వంతుకు మూడు వంతులు. నా ఓటు వాళ్లకే. ఆ పాళ్లలో పండు నాలుక మీద బరువుగా కూర్చోదు.

ఖరీదైన షాంపేన్ పోస్తే ఇంకా గొప్పగా ఉంటుందనుకోవడం పొరపాటు. షాంపేన్ సీసాలోనే రెండోసారి పులుస్తుంది, ఈస్టుతో నెలల తరబడి, ఏళ్ల తరబడి కలిసి ఉంటుంది. అందువల్ల దానికి కాల్చిన రొట్టె వాసన పడుతుంది, ఆ వాసన పీచ్‌ను కప్పేస్తుంది. ప్రొసెక్కో ఎక్కువగా పెద్ద ఉక్కు ట్యాంకుల్లో పులుస్తుంది. అందుకే దానికి వాడే గ్లేరా ద్రాక్షకు ఉన్న ఆకుపచ్చ ఆపిల్, తెల్ల పూల వాసన చెక్కుచెదరకుండా నిలుస్తుంది. ఆ ద్రాక్ష పండే, వెనిస్‌కు ఉత్తరాన ఉన్న కొనెలియానో, వాల్దొబ్బియాదెనె కొండల్ని 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. సీసా కొనేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ‘ఎక్స్‌ట్రా డ్రై’ అని ఉన్నది ‘బ్రూట్’ కంటే తియ్యన. పండులోనే తీపి ఉంది కనుక బ్రూట్ చాలు.

మొదటి గుక్కలో ముందు తగిలేది వాసన. రుచి వెనకాల వస్తుంది. నురగ పెదవికి తాకగానే పీచ్ ముక్కుకు చేరుతుంది, నాలుక మీద చల్లటి చురుకు, ఆ వెంటనే గుజ్జు మెత్తదనం. మింగాక తీపి పోయి ద్రాక్ష పులుపు సన్నగా మిగులుతుంది. పండూ వైనూ ఒకదాన్ని ఒకటి తొక్కేయవు. ఈ సమతూకం చూస్తే నాకు గాత్రాన్ని ఎక్కడా మించని మంచి వయొలిన్ సహకారం గుర్తొస్తుంది.

మామిడి గుజ్జుతో చేస్తే ఎలా ఉంటుందన్న ప్రశ్న మనకు రాకమానదు. బాగానే ఉంటుంది, కానీ బంగినపల్లి గ్లాసులో దిగితే వైన్ కనబడకుండా పోతుంది. చిన్న రసాలైతే మరీను. మామిడి ఒంటరిగా ఏలే పండు. ఇటలీలో స్ట్రాబెర్రీ వేసి రోస్సినీ అన్నారు, దానిమ్మ రసం పోసి తింతొరెత్తో అన్నారు. అవీ చక్కనివే. దానిమ్మ ఎరుపు కళ్లకు ఇంకా జోరుగా కొడుతుంది కూడా. అయినా తెల్ల పీచ్‌కున్న మెత్తని సిగ్గు వాటికి లేదు.

ఒకప్పుడు హ్యారీస్ బార్‌లో బెల్లినీ పీచ్ కాసే నెలల్లోనే దొరికేది. గడ్డకట్టించిన గుజ్జు వచ్చాక ఏడాది పొడుగునా దొరుకుతోంది. పచ్చిగా కోసి దూరాలు దాటించిన తాజా పండు కంటే, చెట్టున మగ్గాక నలిపి గడ్డకట్టించిన గుజ్జే నయం. తెల్ల పీచ్ దొరకనప్పుడు పసుపు పీచ్‌తో చేసుకోవచ్చు. అది కాషాయం వైపు తిరుగుతుంది, పులుపు ఎక్కువ, కాబట్టి నిమ్మరసం మానేసి గుజ్జు కాస్త తగ్గించండి.